రెండు గడపలు, ఒకే ముగ్గు

ఆదివారం సాయంత్రం కూతురు నూకాలు తండ్రి ఇంటి నుంచి రాగానే మోక్షిత ముందు దాని జుట్టు వాసన చూస్తుంది. ముద్దు పెట్టుకునే నెపంతో తల దగ్గరికి లాక్కుని, ఆ వారమంతా అవతలింట్లో ఏమేం వండారో ముక్కుతోనే కనిపెట్టేస్తుంది. ఇంగువ పోపు, వేయించిన నువ్వులు, ఒక్కోసారి ఎండురొయ్యలు. వాసన ఎంత బాగుంటే మోక్షితకు కడుపు అంత మండుతుంది.

“నిన్న ఏటి తిన్నావే?”

“హాసినమ్మ ఆనపకాయ పులుసు పెట్టింది. మూడు మాట్లు వేయించుకున్నాను.”

తరుణ్ మోక్షితకు మాజీ మొగుడు. హాసిని అతని రెండో పెళ్ళాం. ‘హాసిని’ వరకూ మోక్షిత ఓర్చుకోగలదు. చివర పిల్ల అలవోకగా తగిలించే ఆ ‘అమ్మ’ దగ్గరే గొంతులో ముల్లు పడుతుంది. మోక్షితలూ హాసినులూ ఒకప్పుడు ఉయ్యాలలో పిల్లల పేర్లు, ఇప్పుడు నడివయసు ఆడవాళ్ళవి. పిల్లలకేమో ముత్తవ్వల పేర్లు తిరిగొచ్చాయి. నూకాలు క్లాసులో ఇద్దరు అప్పలనరసమ్మలున్నారు.

“పాలు గోరువెచ్చన చేసుంచావేటమ్మా?” అంటూ నూకాలు భుజం మీది సంచీ అయినా దించకుండా వంటింట్లోకి పరిగెత్తింది. పాలు తోడుపెట్టడం దాని పని. ఏడాదిగా, తనున్న వారాల్లో ఇంకెవరినీ ముట్టుకోనివ్వడం లేదు. ఇంత చిన్నదానికి ఎంత బాధ్యతో అని మోక్షిత నలుగురిలో చెప్పుకుని మురిసిపోతుంటుంది.

పిల్ల తిరిగి రాగానే మోక్షిత అరచేతిలో పట్టే తెల్ల డబ్బా ఒకటి ముందుకు చాచింది.

“ఆట ఆడదామా? దీంట్లోకి ఊదు.”

“ఇది నీ ఆఫీసు మిషను కదా. ఆటేటి?” అంటూనే నూకాలు బుగ్గలు పూరించి గొట్టంలోకి ఊదింది.

డబ్బా మీది చిన్న తెరలో చుక్కలు లేచాయి. చుక్కల మధ్య గీతలు సాగాయి. చూస్తుండగానే ముగ్గు పడింది. మోక్షిత దాన్ని తన ముగ్గు పక్కన పెట్టి చూసింది. పోలికే లేదు. తర్వాత, చెయ్యకూడని పని అని తెలిసీ, నమోదు ఆఫీసులో ఉన్న హాసిని ముగ్గును తెర మీదికి తెచ్చింది. చుక్కకు చుక్క, గీతకు గీత అచ్చు దిగినట్టుంది.

తను కన్న పిల్ల ఊపిరిలో ఇంకొకావిడ వంటిల్లు ఉంది. మోక్షితకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం పేరు అసూయ అని ఆమెకు బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గలేదు.

*

ఆ యంత్రం పేరు కుదురు. కనిపెట్టింది మోక్షితే.

వెనకటికి ఇల్లంటే తాత, మామ్మ, కొడుకులు, కోడళ్ళు, ఒకటే వంటిల్లు. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక ఫ్లాటు. ఇంకా తర్వాత పిల్లలు ఒకరయ్యారు, మొగుడో పెళ్ళామో తగ్గారు. ఇప్పుడు విశాఖపట్నంలో ఏ మేడ ఎక్కినా ఒంటరివాళ్ళు, అరవై దాటాక జతకట్టినవాళ్ళు, నలుగురు స్నేహితులు కలిసి పెంచే పిల్లలు, వారం ఇక్కడా వారం అక్కడా ఉండే నూకాలులాంటివాళ్ళు. ఆరోగ్య బీమా ఏ ఇంటికి రాయాలో, ప్రభుత్వపు ఫ్లాటు ఎవరికివ్వాలో తేల్చలేక ఆఫీసర్లు జుట్టు పీక్కున్నారు. జనాభా లెక్కలవాళ్ళ పాత మాట ఒకటే వాళ్ళకు మిగిలింది. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక ఇల్లు. సరే, ఎవరు ఏ పొయ్యిది తింటున్నారో ఎలా తెలుస్తుంది? అడిగితే ప్రతివాడూ తనకు లాభమైన అబద్ధమే చెబుతాడు.

కడుపు అబద్ధం చెప్పదని మోక్షిత కనుక్కుంది. ఒకే వంట తినేవాళ్ళ పేగుల్లో ఒకే రకం సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. వాటి జాడ ఊపిరిలోకి వస్తుంది. కుదురు ఆ జాడను ముగ్గుగా వేస్తుంది. ముగ్గు కలిస్తే ఒక ఇల్లు, కలవకపోతే వేరు. ప్రభుత్వం దాన్ని కళ్ళకద్దుకుని చట్టం చేసింది. ఆ చట్టంలో ఇంటిపెద్ద ఎవరన్న మాట రాసింది కూడా మోక్షితే. ‘పొయ్యి ఆరకుండా నిలిపినవారే ఇంటిపెద్ద’ అని రాసి, వయసూ వరసా మగా ఆడా ఏవీ అడ్డురాకూడదని పట్టుబట్టి మరీ ఒప్పించుకుంది.

ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది. పదేళ్ళు నిండిన పిల్లకు ఇల్లు ఒక్కటే ఉండాలి. ముగ్గు ఏ ఇంటిదైతే పిల్ల ఆ ఇంటిది. రెండో ఇంటికి చుట్టపుచూపుగా, నెలకు రెండు రోజులు. నూకాలుకు కార్తీకంలో పదేళ్ళు నిండుతాయి. ఇప్పుడు శ్రావణం నడుస్తోంది. తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఇదేనని మోక్షితకు అర్థమైంది.

మర్నాడు పరిశోధన సంస్థలో ఆమెతో పనిచేసే రెహానా ఎప్పటి సందేహమే మళ్ళీ ఎత్తింది.

“మేడమ్, ముగ్గు నడిమి చుక్కలు దేన్నిబట్టి పడుతున్నాయో మనకింకా తెలీదు. కూరలు మారినా అవి మారట్లేదు. పులిసే వస్తువులేమో అని నా అనుమానం. పెరుగో, ఇడ్లీ పిండో.”

“ఇంటి వంటంతా వదిలేసి పెరుగు చెంచా పట్టుకుంటావేంటి రెహానా?”

“ఆ ముగ్గురు నర్సుల విషయంలో కూడా...”

“ఆ కేసు అయిపోయింది.”

కేసు అయిపోయింది కానీ మోక్షితకు ఆ మనుషులు గుర్తున్నారు. పెద్దాసుపత్రిలో చేసి రిటైరైన ముగ్గురు నర్సులు ఒకే ఫ్లాటులో పదిహేనేళ్ళు కలిసి బతికారు. కుదురు వాళ్ళకు మూడు వేర్వేరు ముగ్గులు వేసింది. ఇది ఇల్లు కాదని తేల్చి ముగ్గురినీ మూడు ఒంటిగదులకు పంపించారు. వెళ్ళేముందు వాళ్ళలో పెద్దావిడ రూతమ్మ మోక్షిత చెయ్యి పట్టుకుంది.

“మా తిళ్ళు వేరేనమ్మా. నాకు సుగరు, ఆవిడికి గ్యాసు, దానికి పెరుగు పడదు. కానీ ఒకళ్ళు తినకపోతే మిగతా ఇద్దరికీ నిద్దర పట్టదు. దానికి మీ మిషన్లో గీత పడతాదా?”

యంత్రం అబద్ధం చెప్పదండీ అని మోక్షిత ఆ రోజు మర్యాదగానే జవాబిచ్చింది.

*

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మోక్షిత రచ్చ గెలిచి ఇంటికొచ్చింది. వంటే తెలియని మనిషి కాదు, వంటకు తీరిక ఇవ్వని మనిషి. ఇప్పుడు తెల్లారకముందే లేచి కొంగు బిగించింది. బెండకాయ పులుసు, ముద్దపప్పు, చేమదుంపల వేపుడు. నూకాలు తండ్రి ఇంట్లో ఉండే వారాల్లో కూడా రోజూ పొద్దున్నే బడి గేటు దగ్గర నిలబడి రెండు పూటలకూ సరిపడా క్యారియరు అందించేది. పై గిన్నెలో పెరుగన్నం తప్పనిసరి, పిల్లకు అది లేనిదే భోజనం అయినట్టుండదు.

“అక్కడ ముద్ద ముట్టకు. ఇదే తిను. ఇది మనిద్దరి పందెం.”

“హాసినమ్మ పెడితేనో?”

“ఆకలి లేదని చెప్పు.”

నూకాలు తలూపింది. తల్లికి ఏదో పెద్ద కష్టం వచ్చిందనీ, దాన్ని తీర్చడం తన చేతిలో ఉందనీ మాత్రం దానికి తెలిసింది. అందుకే మాట నిలబెట్టుకుంది. అవతలింట్లో గారెలు వేగుతుంటే కిటికీ దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంది. బుగ్గలు కాస్త లోపలికి పోయాయి. మోక్షిత అది చూసింది, చూసి కూడా, ఎదిగే వయసు కదా అని సరిపెట్టుకుంది.

భాద్రపదంలో ఒక రోజు హాసిని ఫోను చేసింది.

“అక్కా, నూకాలు మా ఇంట్లో ఏటీ తినట్లేదు. ఎప్పుడడిగినా ఆకలి లేదంటాది. ఒంట్లో బాగులేదేటో అని భయమేస్తోంది. నామీద ఏటైనా కోపం వచ్చీసిందా? మీతో ఏటైనా అందా?”

“అదేం లేదు. పిల్లలన్నాక అలాగే ఉంటారు” అని మోక్షిత ఫోను పెట్టేసింది. పెట్టేసి గదిలో ఒక్కతే నవ్వుకుంది. తన పిల్ల ఇంకొకరింట్లో పస్తుంటోందని విని సంతోషించిన మొదటి తల్లిని నేనే అయ్యుంటానని ఆ వెంటనే అనిపించింది. అనిపించినా సంతోషం సంతోషంగానే ఉంది, ఏం చేస్తుంది?

*

దసరా సెలవులు అయి, అట్లతద్ది కూడా వెళ్ళాక నూకాలును సంస్థకు తీసుకెళ్ళింది. పిల్ల ఊదింది. తెర మీద ముగ్గు పడుతుంటే మోక్షిత ముక్కు ఆనేంత దగ్గరికి వంగింది.

హాసిని ముగ్గే. శ్రావణంలో సన్నగా ఉన్న నడిమి గీతలు ఇప్పుడు ముదిరి చిక్కబడ్డాయి కూడా.

“తింటున్నావు కదూ?” మోక్షిత గొంతు లేచింది. “నాకు పందెమని చెప్పి అక్కడ తినీసి వస్తున్నావు!”

“లేదమ్మా. ఒట్టు. అట్లతద్దికి హాసినమ్మ అట్లు పోస్తాను రమ్మన్నా వద్దనే చెప్పాను.” నూకాలు సంచీ పట్టీ మెలిపెట్టింది. “ఆకలేసినా వద్దన్నాను.”

రెహానా పిల్ల తల నిమిరి, మోక్షిత వంక చూడకుండానే అంది.

“యంత్రం పాడైందేమో చూద్దాం మేడమ్. ఒకసారి మీరు ఊదండి.”

“నా ముగ్గు ఉందిగా.”

“అది యంత్రం తయారుచేస్తున్నప్పటిది. అప్పట్లో మీరు మూడు పూటలా క్యాంటీన్లో తినేవారు. తర్వాత మళ్ళీ ఊదలేదు.”

గురివింద తన కింద నలుపెరగదు. ఊళ్ళో అందరి చేతా ఊదించిన మనిషికి తను ఊదాలన్న ఆలోచనే రాలేదు. మోక్షిత విసురుగా డబ్బా లాక్కుని ఊదింది.

చుక్కలు లేచాయి. గీతలు సాగాయి. ముగ్గు పడింది. అది నూకాలు ముగ్గు. అంటే హాసిని ముగ్గు.

మోక్షిత మళ్ళీ ఊదింది. డబ్బా మార్చి ఊదింది. ఆవిడ వచ్చాక ఆ గుమ్మం తను తొక్కలేదు, ఆవిడ చేతి మెతుకు తను ఎరగదు. అయినా ఏ డబ్బా చూసినా తనూ, తను తలుచుకుని కుళ్ళుకునే ఆ మనిషీ ఒకే ఇంటివాళ్ళు.

“పెరుగు” అంది రెహానా మెల్లిగా. “మీ ఇంట్లో తోడుపెట్టే చేమిరి ఎక్కడిది మేడమ్?”

“ప్యాకెట్ పెరుగులోంచి చెంచాడు తీసి...” మోక్షిత ఆగిపోయి కూతురి వైపు తిరిగింది. నూకాలు సంచీని గుండెకు హత్తుకుని నిలబడింది. మోక్షిత సంచీ తీసుకుని చూసింది. అడుగున, చిన్నప్పుడు ఉగ్గు పెట్టిన స్టీలు డబ్బీ దొరికింది. మూతకు పెరుగు అంటి ఆరిపోయి ఉంది.

“ప్యాకెట్ పెరుగు నీకు సయించేది కాదు కదా” అంది నూకాలు ఏడుస్తూ. “పెరుగన్నం సగంలో వదిలీసేదానివి. హాసినమ్మ పెరుగైతే తింటావని తెచ్చాను. ఎక్కడిదని చెప్తే నువ్వు పారబోస్తావని చెప్పలేదు. మిగతావన్నీ నువ్వు వండినవే తిన్నానమ్మా. పందెం ఓడిపోలేదు.”

మోక్షిత పిల్లను దగ్గరికి తీసుకుంది. ఈసారి జుట్టు వాసన చూడలేదు. బుగ్గ మీద చెయ్యి వేస్తే ఎముక తగిలింది.

*

ఆ సాయంత్రమే పెదవాల్తేరులో తరుణ్ ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన తరుణ్ ఆమెను చూసి కంగారుపడి, చెప్పులు వేసుకుని, పాలు తెస్తానని బయటికి జారుకున్నాడు. కష్టం వచ్చినప్పుడు పాలు తేవడానికి వెళ్ళే అలవాటు అతనికి మొదటి కాపురంలోనూ ఉంది.

అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు, మోక్షిత నేరుగా వంటింట్లోకి నడిచింది.

“నీ పెరుగు గిన్నె చూపించు.”

హాసిని భయపడుతూ అలమర తలుపు తీసింది. లోపల అరచేతి ఎత్తు గోధుమరంగు జాడీ ఉంది. మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడింది. ఆ పెచ్చు ఊడగొట్టింది ఎవరో మోక్షితకు తెలుసు. ఏడో క్లాసులో చేయిజార్చి, తల్లి చేత వీపు మీద ఒకటి వేయించుకుంది.

“ఇది మా అమ్మది” అంది మోక్షిత. పెళ్ళయి అత్తారింటికి వచ్చేటప్పుడు మోక్షిత వాళ్ళ ఆడపిల్లలు సారెతో పాటు పుట్టింటి చేమిరి తెచ్చుకుంటారు. ఈ ఇల్లు విడిచి వెళ్ళిన రోజు ఆ జాడీ ఆమెకు గుర్తులేదు. ఆ ఏడే తల్లి పోయింది. అమ్మతో పాటు ఆ పెరుగూ పోయిందనే ఇన్నేళ్ళూ అనుకుంది.

“మీదే అక్కా. నాకు తెలుసు. నేను ఈ ఇంటికి వచ్చిన రోజు ఫ్రిజ్‌లో ఇదొక్కటే ఉంది. తరుణ్ పారీమన్నాడు. మూత తీసి చూస్తే నీళ్ళు తేలిపోయి, అడుగున కొంచెం బతికుంది. ఎవరో పెంచుకున్నది కదా అని చెయ్యి రాలేదు. పాలుపోసి చూశాను, మూడో నాటికి గట్టిగా తోడుకుంది. అప్పట్నించీ ఒక్క రోజూ ఆపలేదు.” హాసిని తల దించుకుంది. “నిజం చెప్పాలంటే కుళ్ళుకునేదాన్ని కూడా. ఇంట్లో అందరూ పెరుగు బాగుందంటారు. కూరలు నావి, మెచ్చుకోలు మీది.”

దొంగను పట్టుకుందామని వచ్చిన మనిషికి దాది దొరికింది. మోక్షిత జాడీలో చెంచా ముంచి నోట్లో పెట్టుకుంది. ఆ కమ్మదనం, చివర్లో తగిలే ఆ చిన్న పులుపు. ఏడాదిగా ఇంట్లో ఇదే తింటూ, అమ్మదని ఇప్పుడు పోల్చుకుంది. కళ్ళు నీళ్ళతో నిండాయి.

“పాలు ఇంకాస్త చల్లారనివ్వాలి” అంది ముక్కు ఎగబీల్చి. “మా అమ్మ అలా వేసేది.”

“సరే అక్కా.”

“రేపట్నుంచి పిల్ల నీ దగ్గర తింటుంది. నేనే వద్దన్నాను. తప్పు నాది.”

హాసిని జాడీ మూత బిగించింది. “గారెలు వేసిన రోజు అది కిటికీ దగ్గర కూర్చుంది” అంది. ఆమె గొంతులో కోపం వినబడింది. మోక్షిత ఆ కోపాన్ని పుచ్చుకుంది.

*

కార్తీకంలో నమోదు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఆఫీసరు భార్గవ్ నలుగురి చేతా ఊదించి, నాలుగు ముగ్గులు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“రెండు గడపలు, ఒకే పొయ్యా? ఇదెక్కడి కుటుంబమండీ డాక్టరుగారూ?”

“పొయ్యి కాదండీ, పెరుగు” అంది మోక్షిత. ఆ మాట చెప్పడానికి ఆమె మూడు నెలల అసూయనూ ఇన్నేళ్ళ పేరునూ దిగమింగుకుని వచ్చింది. “నా యంత్రం ఇల్లును కొలవడం లేదు. చేమిరి ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచిందో చెబుతోంది, అంతే. ఎవరు ఎవరి కోసం తినకుండా కూర్చుంటారో దానికి తెలీదు. కమిటీకి రాసిచ్చాను. దాన్ని ఆపించండి. ముందు ఆ ముగ్గురు నర్సుల ఇల్లు వాళ్ళకిప్పించండి.”

“కమిటీ కూర్చోవాలి, తేల్చాలి. నర్సుల కాగితం నేనే పైకి పంపుతాను. కానీ అందాకా చట్టం చట్టమే కదండీ.” భార్గవ్ ఇబ్బందిగా కదిలాడు. “చట్టం ప్రకారం మీ నలుగురూ ఒక ఇల్లు. పాప ఏ గడపలో ఉన్నా దాని ఇంట్లో ఉన్నట్టే. ఇక వాటాల గొడవ లేదు. ఒక్కటే చిక్కు. ఇంటిపెద్దగా ఒకే పేరు రాయాలి. ఎవరిది రాయమంటారు?”

తరుణ్ గొంతు సవరించుకున్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. మోక్షితా హాసినీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుట్టింటి నుంచి తెచ్చింది నేను కదా అని ఒకరి కళ్ళలో, చావకుండా కాపాడింది నేను కదా అని ఇంకొకరి కళ్ళలో ఉంది. ఇద్దరిలో ఏ ఒక్కరి పేరు రాసినా రెండోవారికి జన్మలో నిద్ర పట్టదు.

“చట్టంలో ఏముందో చదవండి” అంది మోక్షిత.

“పొయ్యి ఆరకుండా నిలిపినవారే ఇంటిపెద్ద. వయసు, వరస...”

“అడ్డు కావు. అది రాసింది నేనే. నేను తెచ్చి వదిలేశాను. ఈవిడ బతికించి దాచుకుంది. ఒక గడప నుంచి ఇంకో గడపకు మోసింది ఇది.” కూతురి భుజం మీద చెయ్యి వేసింది. “నూకాలు పేరు రాయండి.”

“పదేళ్ళ పిల్ల ఇంటిపెద్దా?” భార్గవ్ నోరు తెరిచాడు.

“రాయండి సార్” అంది హాసిని. “మా ఇద్దరి కన్నా దానికే బుద్ధుంది.”

ఆయన రాశాడు. కుర్చీ అంచున కూర్చుని కాళ్ళు ఊపుతున్న నూకాలు ఊపడం ఆపి నిటారుగా కూర్చుంది.

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే ఆ వారం పిల్ల ఎవరింటికి వెళ్ళాలన్న మాట వచ్చింది. ఇద్దరమ్మలూ ఒకేసారి ‘మా ఇంటికి’ అన్నారు. మోక్షితకు లోపల మళ్ళీ చిన్నగా మండింది. ఈ మంట ఇక జన్మకు పోదని, దీనితోనే కాపురం చెయ్యాలని ఆమెకు తెలిసిపోయింది. అయినా ఆగలేక కూతురి వైపు వంగి, హాసినికి వినబడకుండా అడిగింది.

“నిజం చెప్పు. ఎవరింట్లో పెరుగు బాగుంటుంది?”

నూకాలు సంచీ భుజానికి సర్దుకుంది. లోపల స్టీలు డబ్బీ చప్పుడైంది.

“ఇంటిపెద్దని అలాటివి అడక్కూడదమ్మా” అని చెప్పి, ఇద్దరికంటే ముందు మెట్లు దిగింది.